బడిలో నా పేరు ‘బై’

మా మనవరాలు ట్యూషన్ నుంచి వచ్చి, ఒక చెప్పు గుమ్మంలోనూ ఒకటి మెట్టు మీదా వదిలేసి, నేరుగా వంటింట్లోకి దూరింది. నేను పుల్కాలు కాలుస్తున్నాను.

"అమ్మమ్మా, ట్యూషన్ల నా పేరేందో తెల్సా? బై."

"బై ఏంది?" అన్నాను.

"స్టాండ్ బై. సారు ఒక్కొక్కలకు ఒక్కొక్క చిన్న మాట ఇచ్చిండు. ఒకనికి ఆన్, ఒకనికి ఇన్, ఇంకొకదానికి ఫర్. సారు స్టాండ్ అనంగనె ఎవలి మాట వాళ్లు చెప్పుకుంట ఎవలి జాగల వాళ్లు నిలబడాలె. నా జాగ తలుపు కాడ."

పెనం మీద పుల్కా మాడింది. వాసన వచ్చేదాకా నేను చూడలేదు.

నాందేడ్‌లో ఇంగ్లీషు ట్యూషన్లకు కొదవ లేదు. మా గల్లీ చివరి మేడ మీద ఎవరో రిటైరైన గురుజీ కొత్తగా మొదలుపెట్టాడంటే, మా బిడ్డ డ్యూటీకి పోతూ పోతూ పిల్లను అక్కడ చేర్పించింది. ఆయన ఎవరు, ఎక్కడెక్కడ పనిచేశాడు అని నేను అడగలేదు. అడగాల్సింది. ఎందుకంటే ఇట్లా పిల్లలకు మాటల పేర్లు పెట్టి నిలబెట్టే పద్ధతి నేను లోకంలో ఒక్క మనిషి దగ్గరే చూశాను. ఆ మనిషి బడిలో నా పేరు కూడా బైనే.

మాండవి దిక్కున, టేకు అడవి అంచున మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ కలిపి, పైన కొంచెం హిందీ. ఎద్దులను తెలుగులో తిట్టి, కండక్టరుతో మరాఠీలో పోట్లాడి, ఏ భాషలో ఉన్నామో మాకే గుర్తుండేది కాదు. మా ఇల్లు ఊరి చివర. ఒకే గది, అర్ర అంటాం, ముందు తడికల వసారా. భూమి అనేది మాకు లేదు. మా బాపు పటేల్ దగ్గర సాల్దారు, అంటే ఏడాదికి కుదిరే పాలేరు. అవ్వ, అంటే మా అమ్మ, దొరికిన రోజు కూలికి పోయేది.

సాల్దారుకు ఏడాది పాడ్వా నాడు మొదలవుతుంది. తెలుగువాళ్లం ఉగాది అంటాం గానీ, మా దగ్గర ఊరంతా పాడ్వా అనే పిలుపు. ఆ పొద్దున పటేల్ వాకిట్లో పొడుగాటి వెదురు కర్రకు పట్టుబట్ట కట్టి, చక్కెర బిళ్లల దండ, వేపరెమ్మలు వేలాడదీసి, పైన రాగిచెంబు బోర్లించి నిలబెడతారు. అదే గుఢీ. సాల్దార్లు ఆ గుఢీ నీడలో విస్తరి ముందు కూర్చుని పోలెలు, అంటే బొబ్బట్లు, తింటారు. తిన్నవాడి చేతిలో పటేల్ కొత్త పగ్గం పెడతాడు. అంతే, వచ్చే పాడ్వా దాకా ఆ మనిషి ఆ ఇంటివాడు. కాగితం లేదు, సంతకం లేదు. అక్కడ తిని మరునాడు పనికి పోనివాణ్ని ఊళ్లో ఎవరూ ఏ పనికీ పిలవరు. ఇంటికి తెచ్చుకుని తింటే మాత్రం ఏం కాదు. బాపు మోదుగాకుల్లో చుట్టి తెచ్చే పోలెల కోసం నేను సాయంత్రం దాకా వసారాలోనే కాచుకునేదాన్ని. ఆ నెయ్యి, యాలకుల వాసన ఆయన కంటే ముందు మా ఇంట్లోకి వచ్చేది.

నేను ఏడో తరగతికి వచ్చిన ఏడు ఇంగ్లీషుకు కొత్త సారు వచ్చాడు. నాందేడ్ మనిషి, పెళ్లి కాలేదు. తెల్ల చొక్కా, మెడ దగ్గర పౌడరు, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు. పెళ్లికాని గురుజీలకు పటేల్ ఇంటి ముందర్రలోనే బస, భోజనం కూడా ఆ ఇంట్లోనే. ఆయన దారిన పోతుంటే ఆడవాళ్లు చెంగు సర్దుకునేవాళ్లు, మేము ముక్కులు ఎగబీల్చేవాళ్లం. ఆ పౌడరు వాసన కోసం నేను ముందు వరసలో కూర్చునేదాన్ని. ఇంగ్లీషు మీద ప్రేమతో అని ఆయన అనుకున్నాడేమో.

అంతకు ముందున్న గురుజీ మాటలు బోర్డు మీద రాసి మమ్మల్ని పదేపదే రాయించేవాడు. ఈయన మొదటి రోజే పుస్తకాలు మూయమన్నాడు. ఈ నెలంతా ఒక్కటే మాట, స్టాండ్, అన్నాడు. నిలబడడం అందరికీ వచ్చు, కానీ దాని పక్కన ఏ చిన్న మాట చేరిందో దాన్ని బట్టి అది వేరే పని అయిపోతుంది, చూడండి అని మమ్మల్నే లేపాడు. వడ్రంగి కొడుకును బల్ల ఎక్కించి ఆన్ అన్నాడు. గోడకు ఆనించి ఒకణ్ని అగైనెస్ట్ అన్నాడు, ఆ మాట పలకలేక వాడు చివరిదాకా ‘అగ్గిన్ట్’గానే ఉండిపోయాడు. నా పక్కన కూర్చునే బండివాళ్ల పిల్ల ఫర్. నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, బై అన్నాడు.

మా భాషలో ఇలాంటి చిన్న మాటలు ఆవు వెనక దూడలా పేరు వెనకాలే నడుస్తాయి. తలుపు దగ్గర, బల్ల మీద. మరాఠీలోనూ అంతే. ఇంగ్లీషులో దూడ ముందు, ఆవు వెనక. ఇది మాకు ఎంత నవ్వు తెప్పించిందంటే, బడి విడిచాక దారంతా ‘మీద బల్ల, దగ్గర తలుపు, కింద చెట్టు’ అని అరుచుకుంటూ పోయేవాళ్లం. బండివాళ్ల పిల్ల వాళ్లమ్మ, ఈ పోరగాళ్లకు దయ్యం పట్టిందా ఏంది అని చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. కొన్నాళ్లకు ఆమే వాకిట్లో నిలబడి, "ఓ బై, మా ఫర్‌ను జర నీళ్లకు తోలియ్యి" అనడం మొదలుపెట్టింది.

నిలబెట్టడం అయ్యాక అర్థాలు. అప్ చేరితే లేచి నిలబడడం. ఇన్ చేరితే వరసలో నిలబడడమూ అవుతుంది, ఒకరి బదులు నిలబడడమూ అవుతుంది. ఫర్ చేరితే ఒకదానికి గుర్తుగా ఉండడం. బై దగ్గరికి వచ్చేసరికి సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. తలుపు పక్కన నిలబడితే ఒట్టి నిలబడడమే, మనిషి పక్కన నిలబడితే మాత్రం, కష్టం వచ్చినా వాణ్ని విడిచి పోకపోవడం అన్నాడు. అందరికంటే మంచి మాట నాకే దొరికిందని నేను ఆ రోజు రొట్టె కూడా సరిగా తినలేదు.

ఒకరోజు ఆయన, ఎవరి ఇంట్లో ఎవరు ఎట్లా నిలబడతారో చెప్పండి, నేను ఇంగ్లీషు చేస్తా అన్నాడు. ఒకడు వాళ్ల తాత గోడకు ఆనుకుని నిలబడే నిద్రపోతాడని చెప్పాడు. నేను మా బాపు గురించి చెప్పాను. పాడ్వా నుంచి పాడ్వా దాకా పటేల్ వాకిట్లో నిలబడతాడు అన్నాను. సారు అది వినలేదట ఎప్పుడూ. కుర్చీ ముందుకు జరుపుకుని ఒక్కొక్కటే అడిగాడు. గుఢీ నీడలోనే తినాలా, పక్కన కూర్చుంటే కాదా, పగ్గం ఎవరిస్తారు? ఆయనకు తెలియనిది నాకు తెలిసినందుకు నేను ఉబ్బిపోయి అన్నీ విడమరిచి చెప్పాను.

"తెలువక తింటె?" అని అడిగాడు.

"తింటె తిన్నట్టే సార్."

"చిన్నపిల్లలు తిన్నా?"

"ఎవరు తిన్నా అంతే సార్," అన్నాను.

ఆయన మాట్లాడేది మరాఠీలో. నాకు మాత్రం ఆ మాటలన్నీ తెలుగులోనే గుర్తున్నాయి. ఒక్క మాట మినహా.

ఏడో తరగతితో మా ఊరి బడి అయిపోతుంది. ఆ పైన చదవాలంటే గోకుంద పోవాలి. అక్కడ హైస్కూలుంది, ఆడపిల్లలకు వసతిగృహం ఉంది. మా వాడకట్టు నుంచి అప్పటిదాకా ఏ ఆడపిల్లా పోలేదు. ఏడో తరగతి పరీక్ష పాడ్వా దాటాక ఉంటుంది. అది రాస్తే గోకుంద, రాయకపోతే గొడ్ల వెంట. నాకు ఇంతకంటే వేరే లెక్క లేదు.

ఇప్పపూలు రాలే రోజులవి. తెల్లవారకముందే అవ్వతో అడవికి పోయి గంపెడు పూలు ఏరుకుని వచ్చి, ఆ తీపి వాసన పట్టిన చేతులతోనే బడికి పోయేదాన్ని. కొన్ని పూలు వేయించి పావడా చెరగులో కట్టుకుని బండివాళ్ల పిల్లా నేనూ పాఠం వింటూనే నమిలేవాళ్లం. ఒకసారి సారు పట్టుకున్నాడు. తిడతాడనుకుంటే, ఆయనా ఒకటి నోట్లో వేసుకుని మొహం చిట్లించి బయటికి ఉమ్మేశాడు. క్లాసంతా నవ్వింది. ఆ రోజే బడి విడిచాక నన్ను ఆగమని, పరీక్ష బాగా రాయమన్నాడు. గోకుందకు తానే తీసుకుపోయి చేర్పిస్తానన్నాడు. మా బాపు ఒప్పుకోడని నేను ఏడుపు మొహం పెడితే, బాపుతో తాను మాట్లాడతానన్నాడు.

"మీ ఆహే నా," అన్నాడు.

ఆ ఒక్క మాటే నాకు మరాఠీలో గుర్తుంది. నేనున్నా గదా అని.

నిజంగానే వచ్చి మాట్లాడాడు. మా వసారాలో గోనెసంచి మీద కూర్చుని, పాలు లేని చాయ్ తాగి, ఈ పిల్ల తెలివిని గొడ్లకు అప్పగిస్తారా అని బాపును నిలదీశాడు. బాపు, సారంత మనిషి ఇంటికొచ్చి అడిగినంక నేనేమంటా, పోనియ్యి అన్నాడు. సారు పోయాక అవ్వ ఆయన తాగిన గ్లాసును కడగకుండా కాసేపు అట్లాగే పెట్టింది. ఎందుకని అడిగితే నవ్వింది.

తరవాత తపాసణీ వచ్చింది. అంటే బడి చూడడానికి పెద్ద సాహేబ్ రావడం. పటేల్ కూడా జరీ పాగా పెట్టుకుని వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. సారు స్టాండ్ అనగానే మేమంతా ఎవరి చోటికి వాళ్లం ఉరికాం. వడ్రంగి కొడుకు తొందరలో సాహేబ్ ముందున్న బల్లే ఎక్కాడు. బిస్కట్ల పళ్లెం కిందపడింది. వాడు మాత్రం కదలకుండా, చేతులు చాచి, ఆన్, ఆన్ అని అరుస్తూనే ఉన్నాడు. సాహేబ్ కోపగించుకోలేదు. నవ్వి, నన్ను దగ్గరికి పిలిచి, మనిషి పక్కన నిలబడడమంటే ఏమిటని అడిగాడు. అందరూ పోయినంక కూడా పోనోడు అన్నాను మరాఠీలో. సాహేబ్ నా తల నిమిరి, సారుకు చెయ్యి కలిపాడు. కింద పడిన బిస్కట్లన్నీ ఆ సాయంత్రం మావే. సాహేబ్ జీపు దగ్గర పటేల్, సారు చాలాసేపు మాట్లాడుతూ నిలబడ్డారు. మేము బిస్కట్లు పంచుకునే పోట్లాటలో ఉన్నాం, ఏం మాట్లాడుతున్నారో పట్టించుకోలేదు.

పాడ్వా వచ్చింది. బాపు పొద్దున్నే పటేల్ వాకిట్లో తిని, కొత్త పగ్గం భుజాన వేసుకుని, ఎద్దులను కడగడానికి వాగుకు తోలుకుపోయాడు. మేము అప్పుడే స్నానాలు చేసి కూర్చున్నాం. సారు మా ఇంటికి వచ్చాడు. సాహేబ్ మెచ్చుకున్నాడు గదా, పిల్లకు ఈ రోజు నాతో భోజనం అన్నాడు.

అవ్వ కొంచెం తటపటాయించింది. "ఇయ్యాల పాడ్వా గద సార్," అంది.

పిల్ల నా చుట్టం, నా పక్కన కూర్చుని తింటుంది, ఇందులో ఏముంది అన్నాడాయన. అవ్వ నాకు తల దువ్వి, ఉన్నదాంట్లో మంచి లంగా కట్టి పంపింది.

పటేల్ వాకిట్లోకి పోయేసరికి విస్తర్లు పరిచి ఉన్నాయి. గుఢీ నీడ సరిగ్గా వాటి మీద పడుతోంది. నా కాళ్లు ఆగిపోయాయి. నేను చిన్నదాన్నే గానీ వెర్రిదాన్ని కాదు. సాల్దారు బిడ్డను.

"సార్, నేను మీ అర్రల తింట. ఈడ వద్దు."

"అందరం ఇక్కడే గదా తినేది. కూర్చో. మీ ఆహే నా."

కూర్చున్నాను. ఆయన నా పక్కనే కూర్చున్నాడు. ఎప్పుడూ పనిమనుషుల చేత వడ్డింపించే పటేలమ్మ ఆ రోజు తానే వచ్చి నా విస్తట్లో పోలెలు వేసింది. చెంచాతో కాదు, చెంబుతో నెయ్యి పోసింది. నా జన్మలో అంత రుచి ఎరగను. పోలె లోపల పూర్ణం ఇంకా వేడిగా ఉంది, నాలుక కాలింది, అయినా ఆగలేదు. సారు తన విస్తట్లోంచి ఒకటి తీసి నాకు వేశాడు. తిన్నంతసేపు, గోకుందలో పండక్కి కూడా ఇట్లాగే పెడతారేమో అని ఆలోచిస్తున్నాను.

చేతులు కడుక్కుని వచ్చాక పటేలమ్మ లోపలికి పోయి, ఒక కొత్త తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎర్రటి నూలు తాడు, మెత్తగా ఉంది. వాళ్ల కోడలు అప్పటికి కొన్నాళ్ల కింద కన్నది. అది ఉయ్యాల తాడు.

నేను సారు వైపు చూశాను. ఆయన జేబురుమాలు తీసి ఒక్కొక్క వేలే తుడుచుకుంటున్నాడు. తుడుచుకుని తన అర్రలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఇంటికి పోయేసరికి బాపు వాగు నుంచి వచ్చి ఉన్నాడు. తాడును నేను వెనక దాచుకున్నాను. ఆయన దాన్ని చూడలేదు. నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. యాలకులు, నెయ్యి. ఆ వాసన ఆయనకు తెలియనిది కాదు.

"ఏడ తిన్నవ్ బిడ్డా?"

నేను ఏడుపు లంకించుకున్నాను. అవ్వ జరిగింది చెప్పి, తప్పు తనదే అని నెత్తి కొట్టుకుంది. బాపు నా చెయ్యి వదిలాడు. "ఆడ గూసుండి తిన్నంక ఇగ నేనేమనాలె. ఆ వాకిట్ల నేను సుత తిన్నోన్నే గద," అన్నాడు. మోదుగాకుల్లో తెచ్చిన పోలెల మూట ఆ రోజు మా ఇంట్లో ఎవరూ విప్పలేదు.

మరునాటి నుంచి నేను పటేల్ ఇంట్లో ఉయ్యాల ఊపాను. సారు ఉండే ముందర్రకూ నేనుండే వసారాకూ మధ్య ఒక్క గోడ. మా క్లాసువాళ్లు పరీక్షకు పోతుంటే బండివాళ్ల పిల్ల కంప దాటి వచ్చి, నువ్వు రాకపోతె నాకు బుగులైతది అని నా చెయ్యి పట్టి లాగింది. లోపల పసివాడు లేచాడు. ఆమె పోయింది, నేను లోపలికి పోయాను.

ఒక పొద్దున ధైర్యం చేసి, పిల్లవాణ్ని చంకనేసుకుని సారు తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన కిటికీకి అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో నేను ఆయనకు కనిపించాను. నాకు ఆయన కళ్లు కనిపించాయి. ఏదో ఒకటి అంటాడని ఆగాను. పోలె పెట్టించినప్పుడు ఉన్నాను గదా అన్నవాడు, ఇప్పుడు లేను అని అన్నా సరిపోయేది నాకు. ఆయన చెయ్యి చాపి అద్దాన్ని కొంచెం పక్కకు తిప్పుకుని, రెండో చెంప గీసుకోవడం మొదలుపెట్టాడు.

అవ్వ కూడా ఒకసారి వచ్చి అడిగింది. ఒక్క ఏడాదే గదా, వచ్చే ఏడు నేనే పరీక్షకు కూర్చోబెడతా అన్నాడట. ఎండాకాలం సెలవులకు పోయిన మనిషి మళ్లీ రాలేదు. నాందేడ్‌కు బదిలీ అయింది. పటేలమ్మ చుట్టాలతో మాట్లాడుతుంటే విన్నాను. "సారు మంచోడు. కోడలికి ఎవలన్న పిల్ల కావాలె అంటె, తెచ్చి కూసుండవెట్టిండు. బదిలీ పని పటేల్ చేపిచ్చిండు," అని చెప్పింది. నేను ఉయ్యాల ఊపుతూనే ఉన్నాను. నేను విన్నానని ఆమెకు అనిపించి ఉండదు. అనిపించినా దాచుకోవాల్సిన సంగతి అని ఆమె అనుకోలేదు.

నాకు కడుపు మండింది ఉయ్యాల ఊపినందుకు కాదు. మా వాడకట్టులో చాలామంది ఆడపిల్లలు ఊపారు. ఆ వాకిట్లో తింటే ఏమవుతుందో ఆయనకు ఊళ్లో ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. తరగతిలో లేచి నిలబడి, మురుసుకుంటూ, అడిగినవన్నీ చెప్పాను. ఎట్లా పట్టుకోవాలో నేనే నేర్పితే ఆయన నన్నే పట్టుకున్నాడు.

ఏడాది తిరిగి పాడ్వా వచ్చేసరికి బాపు ఆ వాకిట్లోకి పోలేదు. నన్నూ పోనియ్యలేదు. పటేల్ వాకిలిని కాదన్నాక ఇక మాకు ఆ ఊళ్లో పని పుట్టదని ఆయనకు తెలుసు. మమ్మల్ని తీసుకుని నిజామాబాద్ దిక్కున మా చిన్నమ్మ దగ్గరికి చేరాడు. బీడీలు చుట్టే ఇల్లది. అందరూ తునికాకు కత్తిరిస్తుంటే, ఒకామె వారపత్రికలోంచి సీరియళ్లు గట్టిగా చదివేది. ఆమె పక్కన కూర్చుని, వేలు పెట్టి చూస్తూ చూస్తూ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది ఆమె పుణ్యమే. ఇంగ్లీషు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. పెళ్లయి నాందేడ్ వచ్చాక కూడా, బోర్డుల మీద ఇంగ్లీషు కనిపిస్తే చూపు తిప్పుకునేదాన్ని. ప్రతి పాడ్వాకూ ఇంట్లో పోలెలు చేస్తాను, అందరికీ పెడతాను. నేను తినను. తీపి పడదని చెబుతాను.

పుల్కా మాడిన మరునాడు మనవరాలిని తీసుకురావడానికి నేనే పోయాను. మెట్లు ఎక్కుతుంటేనే పిల్లల అరుపులు వినిపించాయి. ఆన్, ఇన్, ఫర్. తలుపు తీసే ఉంది. మనవరాలు తలుపు పక్కన బుద్ధిగా నిలబడి ఉంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను.

ఆయనే. జుట్టు మొత్తం నెరిసింది, వెనక్కి దువ్వడం మాత్రం మారలేదు. చొక్కా అదే తెలుపు. నన్ను చూసి, మరాఠీలో అమ్మా అన్నట్టు, రా బాయి, ఇప్పుడే అయిపోతుంది అని మర్యాదగా అన్నాడు. గుర్తుపట్టలేదు. తలుపు దగ్గర నిలబడిన పిల్లను ఎవరు గుర్తుపెట్టుకుంటారు.

అయిపోయే ముందు పిల్లలకు ఒక కథ చెప్పాడు. వాళ్లు చాలాసార్లు విన్న కథే అనుకుంటా, ముందే అందిస్తున్నారు. అడవి ఊళ్లో ఒక సాల్దారు బిడ్డ. చాలా చురుకైంది. తానే ఆమె తండ్రిని ఒప్పించి, చెయ్యి పట్టుకుని గోకుంద తీసుకుపోయి బడిలో వేశాడట. ఇప్పుడు ముంబయిలో పెద్ద ఆఫీసరు. కష్టపడితే మీరూ అంతటివాళ్లు అవుతారు అన్నాడు. నా మనవరాలు నోరు తెరుచుకుని వింటోంది.

 "ఆ పిల్ల మళ్ల ఎప్పుడన్న కనవడ్డదా సార్?" అని అడిగాను.

ఎందుకు కనబడదు అన్నాడు. ప్రతి పాడ్వాకూ వస్తుందట. ఆయన కాళ్లు మొక్కనిదే పండగ పూట మెతుకు ముట్టదట.

ట్యూషన్ అయిపోయింది. పిల్లలు వరసగా వచ్చి ఆయన కాళ్లకు మొక్కి మెట్లు దిగుతున్నారు. మనవరాలి వంతు వచ్చింది. పరీక్షలు దగ్గరపడుతున్నాయని బెంగగా ఉన్నట్టుంది, ఏదో గొణిగింది. ఆయన నవ్వి, ఆమె తల మీద చెయ్యి పెట్టి, భయమెందుకు, మీ ఆహే నా అన్నాడు.

పిల్ల మొక్కడానికి వంగబోయింది. నేను రెక్క పట్టుకుని లేపాను.

మొక్కనివ్వు బాయి, పిల్లలకు అలవాటు కావాలి గదా అన్నాడాయన.

"ఆ పిల్ల గోకుందకు పోలేదు సార్," అన్నాను. "పాడ్వా నాడు మీరు పక్కన గూసుండి తినవెట్టిచ్చినంక, పటేల్ ఇంట్ల ఉయ్యాల ఊపింది."

ఆయన నావైపు చూశాడు. ఈసారి చూపు అంత త్వరగా పోలేదు. కళ్లు నా మొహం మీద ఏదో వెతికాయి, దొరికినట్టే ఉంది. నోరు కొంచెం కదిలింది. నేను ఆగాను. ఒక్క మాట వస్తుందేమో అని, ఇన్నేళ్ల తరవాత కూడా సిగ్గులేకుండా ఆగాను. ఆయన నెమ్మదిగా అటు తిరిగి, డస్టర్ అందుకుని, ఏమీ రాసి లేని బోర్డును తుడవడం మొదలుపెట్టాడు.

మెట్లు దిగుతుంటే మనవరాలు నా వేలు గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల ఎవరని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. గల్లీ సగం దాటాక, రేపు ట్యూషన్ లేదా అంది. లేదన్నాను.

"మరి నన్ను బై అని ఎవ్వలు పిలుస్తరు?"

"ఎవ్వలు పిలువరు," అన్నాను. "నీకు పేరున్నది గద బిడ్డా. దాంతోనే పిలుస్తరు."

ఇంటి దాకా ఆమెను ఆ పేరుతోనే పిలుచుకుంటూ వచ్చాను. ఎందుకన్నిసార్లు పిలుస్తున్నానో ఆమెకు అర్థం కాలేదు. పిలిచినప్పుడల్లా, ఆ అని పలికింది.